లిక్ గారి చెక్కుబుక్కు

మోరిస్‌విల్‌లో మా ఇంటికి దగ్గర్లోనే క్రికెట్ గ్రౌండు ఉంది. ఆమధ్య ఒక శుక్రవారం సాయంత్రం మా అబ్బాయిని ప్రాక్టీసుకి దింపి, కారులో కూర్చుని ఫోన్ చూసుకుంటే ఈమెయిల్ వచ్చి ఉంది. మూడు యూనివర్సిటీల వాళ్ళం కలిసి ఏడాదిన్నర కష్టపడి రాసిన గ్రాంటు ప్రపోజల్ తిరిగొచ్చింది. ఆలోచన బాగుందట, కానీ మరీ పెద్దదట! చిన్న ముక్క చేసి తెమ్మన్నారు. ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకున్న రీసెర్చ్ స్టూడెంట్ ఒకమ్మాయి ఉంది మా దగ్గర, గుంటూరు నుంచి వచ్చింది. ఆమెకి ఏం చెప్పాలో తోచలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక ఒక పెద్దమనిషి జీవితం మళ్ళీ తిరగేశాను.

ఆయన పేరు జె.సి.ఆర్. లిక్‌లైడర్. తెలిసినవాళ్ళందరికీ "లిక్". మన ఊళ్ళో కంప్యూటర్ మీద బతకని తెలుగు ఇల్లు వెతికినా దొరకదు కానీ, ఈయన పేరు విన్నవాళ్ళు మాత్రం తక్కువ.

1915 మార్చి 11న సెయింట్ లూయిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులకి ఒక్కడే కొడుకు. అక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీలో ఫిజిక్సు, లెక్కలు, సైకాలజీ మూడూ చదివారు. 1942లో రోచెస్టర్‌లో డాక్టరేట్ తీసుకున్నది మాత్రం కంప్యూటర్లలో కాదు, మనిషి చెవి శబ్దాన్ని ఎలా పట్టుకుంటుందన్న విషయంలో! యుద్ధకాలంలో హార్వర్డ్ ప్రయోగశాలలో చేరి, 1950లో ఎం.ఐ.టి.కి మారారు. అక్కడ సేజ్ అనే గగనతల రక్షణ ప్రాజెక్టులో, తెర ముందు కూర్చుని కంప్యూటర్‌తో నేరుగా పని చేసే మనుషుల్ని దగ్గరగా చూశారు.

నాకు బాగా నచ్చిన ఘట్టం 1957 నాటిది. అసలు నేను రోజంతా ఏం చేస్తున్నానని ఆయనకి అనుమానం వచ్చి, చేసిన ప్రతి పనినీ రాసుకోవడం మొదలుపెట్టారు. తేలిన లెక్క చూసి ఆయనే తెల్లబోయారు. ఆలోచనకని కేటాయించిన సమయంలో దాదాపు 85 శాతం సమాచారం వెతకడానికీ, అంకెలు సరిచూడడానికీ, గ్రాఫులు గీయడానికీ పోతోంది. మన వంటింట్లో తాలింపు రెండు నిమిషాలు, కూరలు తరగడం అరగంట అన్నట్టు! ఆ తరిగే పని యంత్రానికి ఇచ్చి ఆలోచన మనిషి ఉంచుకోవాలన్నదే 1960లో ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసం సారాంశం.

ఆలోచనలు అందరికీ వస్తాయి. ఈయనకి డబ్బు పంచే కుర్చీ కూడా దొరికింది. స్పుత్నిక్ దెబ్బకి ఉలిక్కిపడ్డ అమెరికా ప్రభుత్వం 1958లో రక్షణ శాఖ కింద ఆర్పా అనే సంస్థని పెట్టింది. 1962 అక్టోబరులో లిక్ అందులో చేరి కంప్యూటర్ పరిశోధన విభాగాన్ని మొదలుపెట్టారు.

ఆయన పద్ధతి వేరు. ఇంత కాగితానికి ఇంత డబ్బు అని కాకుండా, మనుషుల్నీ బృందాల్నీ చూసుకుని, ఏళ్ళ తరబడి సరిపోయేంత ఇచ్చి, వాళ్ళ దారిన వాళ్ళని వదిలేసేవారు. ఎం.ఐ.టి. ప్రొఫెసర్ రాబర్ట్ ఫానోతో 1962 నవంబరులో రైల్లో వస్తూ మాట్లాడుకున్న మాటలే ప్రాజెక్ట్ మాక్‌కి పునాది. 1963లో సుమారు 20 లక్షల డాలర్లతో అది మొదలైంది. ఒకే పెద్ద కంప్యూటర్‌ని చాలామంది ఒకేసారి వాడుకునే టైమ్ షేరింగ్ పెరిగింది అక్కడే. స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీకి, కార్నెగీలో న్యూవెల్ బృందానికి, తరవాత మౌస్ తయారు చేసిన ఎంగెల్‌బర్ట్‌కి కూడా సాయం అందింది.

1963 ఏప్రిల్‌లో ఆయన వీళ్ళందరికీ కలిపి ఒక లేఖ రాశారు. అందులో వాళ్ళని సరదాగా నక్షత్రమండలాల మధ్య కంప్యూటర్ నెట్‌వర్క్ సభ్యులని సంబోధించారు. ఎవరి భాష వాళ్ళు, ఎవరి పద్ధతి వాళ్ళు పెట్టుకుంటే ఈ యంత్రాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడతాయన్నదే ఆయన బెంగ. 1964లో ఆ ఉద్యోగం వదిలి ఐ.బి.ఎం.కి వెళ్ళిపోయారు. నెట్‌వర్క్ ఆయన కట్టలేదు. ఆయన తరవాత వచ్చినవాళ్ళు కట్టారు. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్ నుంచి ఎస్.ఆర్.ఐ.కి తొలి సందేశం బయల్దేరి, రెండక్షరాలు చేరగానే అవతలి కంప్యూటర్ కుప్పకూలింది!

ఇందులో మన తెలుగువాడి వాటా కూడా ఉందండోయ్. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1966లో డాక్టరేట్ చేసింది మెకార్తీ దగ్గరే, ఆర్పా డబ్బుతో నడిచిన ఆ స్టాన్‌ఫర్డ్ బృందంలోనే. ఆయనకి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చిన సంగతి మీకు తెలుసు.

అయితే లిక్ గారి పద్ధతిలో లోపం లేదనను. డబ్బు ఎక్కువగా ఆయనకి తెలిసినవాళ్ళకీ, కొద్దిపాటి పెద్ద కేంద్రాలకీ వెళ్ళింది. ఆ పెద్ద పేర్లలో మన నార్త్ కెరొలైనా కనిపించదు. మోరిస్‌విల్ పక్కనే ఉన్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో 1965లో డ్యూక్, ఎన్.సి. స్టేట్, చాపెల్ హిల్ యూనివర్సిటీలు కలిసి ఒక కంప్యూటర్ కేంద్రం పెట్టుకున్నాయి. వాటికి చేయూతనిచ్చింది నేషనల్ సైన్స్ ఫౌండేషన్. ఊరూపేరూ లేనివాడి ప్రపోజల్‌ని కూడా నలుగురు చదివి మార్కులు వేసే పద్ధతి లేకపోతే మాలాంటివాళ్ళ గతేమిటి? అందుకే తిరిగొచ్చిన ప్రపోజల్ మీద కోపం వచ్చినా, ఆ పద్ధతినే తిట్టడానికి నోరు రాలేదు.

ఆయన కూడా ఇలాంటి ఇరుకులో పడ్డారని నాకు ఆ రాత్రే బాగా అర్థమైంది. 1974లో మళ్ళీ అదే కుర్చీకి పిలిచారు. కానీ కాలం మారింది. వియత్నాం యుద్ధం మీద కోపంతో, రక్షణ శాఖ డబ్బు సైనిక అవసరాలకే వాడాలని 1969లోనే కాంగ్రెస్ కట్టుబాటు పెట్టింది. పదేళ్ళ కిందట ధారాళంగా పంచిన మనిషి ఇప్పుడు ప్రతి ప్రాజెక్టుకీ ఇది సైన్యానికి ఎందుకు పనికొస్తుందో పైవాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. 1975లోనే ఆ కుర్చీ వదిలి ఎం.ఐ.టి.కి తిరిగి వెళ్ళిపోయారు. 1976లో కార్నెగీ మెలన్‌లో రాజ్ రెడ్డి గారి బృందం తయారు చేసిన హార్పీ సుమారు వెయ్యి మాటలు అర్థం చేసుకుని లక్ష్యం చేరింది. అయినా ఆ కార్యక్రమానికి కొనసాగింపు నిధులు రాలేదు!

లిక్ 1985లో రిటైరయ్యారు. 1990 జూన్ 26న మసాచుసెట్స్‌లోని ఆర్లింగ్టన్‌లో కన్నుమూశారు. ఆ ఏడాది చివరికే జెనీవాలో తొలి వెబ్ సర్వర్ నడవడం మొదలైంది. ఆయన చూడలేదు.

సోమవారం ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆగస్టు దాకా డిపార్ట్‌మెంట్‌లో టీచింగ్ పని దొరికింది, ఆ తరవాత సంగతి తెలియదు. ప్రపోజల్ మాత్రం ముక్కలు చేయకుండా అలాగే మళ్ళీ పంపుదామని తనే పట్టుబట్టింది. మిగతా రెండు యూనివర్సిటీల వాళ్ళని ఒప్పించే పని నాది. గురువారం ఫోన్ ఉంది.