డిచ్‌పల్లి డాక్టరమ్మ

రోగాన్ని ఏమని నమ్ముతామో, రోగిని అలాగే చూస్తాం. అధికారులూ అంతే. కుష్ఠుకు క్రిమి కారణమని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. అయినా 1898లో బ్రిటిష్ ఇండియాలో వచ్చిన చట్టం, బిచ్చమెత్తుకునే కుష్ఠురోగులను పట్టి ఆశ్రమాల్లో ఉంచమంది. శాపమని ఊరు తరిమింది, ప్రమాదమని చట్టం దాచింది.

ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లండ్‌లో పుట్టారు. అబర్డీన్‌లో వైద్యం చదివి, భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో మెథడిస్టు మిషనెరీగా నిజాం రాజ్యానికి వచ్చారు. మన జహీరాబాద్ కూడా అప్పుడు ఆ రాజ్యంలోనిదే. నిజామాబాద్‌లో ఆమె వైద్యం చేస్తున్నప్పుడు కుష్ఠురోగులూ వచ్చేవారు. వారికంటూ ఒక చోటు కావలసి వచ్చింది. నర్సాగౌడ్ అనే హిందూ దాత ముందుకు రాగా 1915లో డిచ్‌పల్లిలో ఆస్పత్రి వెలసింది. విశ్వాసాలు వేరైనా ఆ ఇద్దరికీ రోగి మనిషిగానే కనబడ్డాడు.

1920ల మొదట్లో ఆమె హిడ్నోకార్పస్ గింజల నూనెను ఇంజెక్షన్లుగా ఇవ్వసాగారు. సూది నొప్పి భరించాలి, నెలల తరబడి రావాలి, అందరికీ గుణం కనిపించేదీ కాదు. కానీ చావుకోసం ఎదురుచూసే చోట వైద్యం మొదలైంది. 1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆమె ప్రభువునందు నిద్రించారు.

లేవీయకాండము 13వ అధ్యాయంలో యాజకుడే ఆరోగ్యాధికారి. మచ్చను చూస్తాడు, ఏడు రోజులు ఆగి మళ్లీ చూస్తాడు, అపవిత్రుడైతే పాళెము వెలుపల ఉంచుతాడు. 14వ అధ్యాయంలో బాగుపడినవాణ్ణి తిరిగి చేర్చుకునేదీ ఆ యాజకుడే. మనం 13 గుర్తుంచుకొని 14 మరిచాం. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు రోగిని ముట్టి, బాగుచేసి, యాజకుని దగ్గరకే పంపాడు. సమాజంలోకి తిరిగి రానివ్వవలసింది ఆ అధికారే కదా!

1898 నాటి చట్టం రద్దయింది 2016లో. కుష్ఠు కారణంగా విడాకులు ఇవ్వవచ్చన్న నిబంధన పోయింది 2019లో. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, ఆరు నెలల నుంచి ఏడాదిలో నయమవుతుంది. ఇంకా మారవలసింది మన చూపే. ప్రసంగాల్లో పాపానికి పోలికగా కుష్ఠును వాడటం మానుదాం. స్పర్శ లేని మచ్చ ఎవరికైనా కనబడితే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్దాం. ఆదివారం ఆరాధనలో వారి పక్కనే కూర్చుందాం.