ముక్క చెప్పిన నిజం: విలియం హాల్‌స్టెడ్ జీవితం

ఆపరేషన్ చేసే డాక్టర్ చేతికి రబ్బరు గ్లవ్స్ ఉంటాయని మనందరికీ తెలుసు. ఆ అలవాటు మొదలవడానికి కారణమైన మనిషి పేరు మాత్రం మెడిసిన్ వాళ్ళకి తప్ప మనలాంటి వాళ్ళకి పెద్దగా తెలీదు. ఆయన పేరు విలియం స్టూవర్ట్ హాల్‌స్టెడ్. రొమ్ము క్యాన్సర్‌కి ఆయన రూపొందించిన ఆపరేషన్ దాదాపు ఎనభై ఏళ్ళు రాజ్యమేలింది. ఆ తర్వాత దాని వెనకున్న లెక్కే తప్పని తేలింది. కానీ కోసి తీసిన కణజాలాన్ని ఎంతో జాగ్రత్తగా చూసుకునే అలవాటు ఒకటి ఆయన దగ్గర ఉండేది. అది మాత్రం ఈరోజుకీ నిలబడింది. ఆయన కథలో నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

హాల్‌స్టెడ్ 1852లో న్యూయార్క్‌లో బాగా డబ్బున్న కుటుంబంలో పుట్టాడు. యేల్‌లో చదివినన్నాళ్ళూ పుస్తకాల కన్నా ఫుట్‌బాల్ మీదే ఎక్కువ ధ్యాస. 1877లో డాక్టరయ్యాడు. తర్వాత రెండేళ్ళు యూరప్‌లో తిరిగి, వియన్నా, జర్మనీ సర్జన్ల పని దగ్గరుండి చూసి న్యూయార్క్ తిరిగొచ్చాడు. ధైర్యం బాగా ఎక్కువ. 1881లో కాన్పు తర్వాత రక్తస్రావంతో చావు దాకా వెళ్ళిన చెల్లెలికి తన రక్తమే తీసి ఎక్కించాడు. అప్పటికి బ్లడ్ గ్రూపులనేవి ఉన్నాయని కూడా ఎవరికీ తెలీదు. ఆమె బతికింది. మరుసటి ఏడాది ఆల్బనీలో అర్ధరాత్రి దాటాక వంటింటి బల్ల మీద తల్లికి ఆపరేషన్ చేసి పిత్తాశయంలోంచి రాళ్ళు తీశాడు. ఆమె కూడా బతికింది.

ఆ ధైర్యమే తర్వాత కొంప ముంచింది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్‌తో కంటికి మత్తు ఇవ్వొచ్చని చూపించాడు. ఆ వార్త వినగానే హాల్‌స్టెడ్, ఆయన స్నేహితులు తమ నరాల్లోకే కొకైన్ ఎక్కించుకుని ప్రయోగాలు మొదలుపెట్టారు. ఒక నరాన్ని మొద్దుబార్చి శరీరంలో ఆ భాగానికే మత్తు ఇచ్చే పద్ధతి అలా వచ్చింది. దానితో పాటే వ్యసనమూ వచ్చింది. 1886లో ప్రావిడెన్స్‌లోని బట్లర్ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. కొకైన్ మాన్పించడానికి మార్ఫిన్ ఇచ్చేవారు, దాంతో అదీ అలవాటైపోయింది. ఆయన సహోద్యోగి విలియం ఆస్లర్ ఈ సంగతి రాసి సీలు వేసి దాచాడు. ఆ రాత 1969లో గానీ బయటికి రాలేదు.

న్యూయార్క్‌లో కెరీర్ పోయింది. బాల్టిమోర్‌లో పాథాలజిస్టు విలియం వెల్చ్ తన ల్యాబ్‌లో చోటిచ్చాడు. పేషెంట్లు లేరు, హడావిడి లేదు, కుక్కల మీద ప్రయోగాలే పని. కోసిన పేగుని కుడితే దారం ఏ పొరలో గట్టిగా నిలుస్తుందో ఒక్కో పొరా చూసుకుంటూ వెళ్ళాడు. లోపలి సబ్‌మ్యూకోసా పొరలోనే అసలు బలమంతా ఉందని 1887లో తేల్చాడు. ఒకరకంగా అది మన మెటీరియల్ టెస్టింగే. మునుపటి దూకుడు సర్జన్ ఈ ల్యాబ్‌లో వేరే మనిషయ్యాడు. కణజాలాన్ని గట్టిగా పట్టుకోకూడదు, లాగకూడదు, నలపకూడదు, రక్తం చుక్కచుక్కా ఆపుకుంటూ వెళ్ళాలి. 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి తెరిచాక అక్కడి సర్జరీ విభాగం మొత్తం ఈ పద్ధతిలోనే నడిచింది. ఒక్కో ఆపరేషన్‌కి గంటలు పట్టేది.

గ్లవ్స్ సంగతి కూడా అప్పటిదే. క్రిములు చావడానికి వాడే పాదరసపు ద్రావణం పడక ఆపరేషన్ గదిలో హెడ్ నర్సు కరోలైన్ హాంప్టన్ చేతులు పుండ్లు పడ్డాయి. హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీ చేత పల్చటి గ్లవ్స్ చేయించాడు. 1890లో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. గ్లవ్స్ వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని తర్వాత లెక్కలతో చూపించింది ఆయన శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్.

ఇక రొమ్ము క్యాన్సర్. అప్పట్లో గడ్డని తీసేసినా చాలామందికి అదే చోట మళ్ళీ వచ్చేది. క్యాన్సర్ ఒకచోట పుట్టి అంచెలంచెలుగా పక్కకి పాకుతుందని హాల్‌స్టెడ్ నమ్మాడు. అందుకే రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాన్ని, చంకలోని లింఫ్ గ్రంథులని కలిపి ఒకే ముక్కగా తీసేవాడు. విడివిడిగా కోస్తే కత్తి జబ్బు ఉన్న చోట తగిలి ఆ కణాలు పుండులోకి రాలతాయని ఆయన భయం. 1894లో 50 మంది ఫలితాలు ప్రచురించాడు. అదే చోట మళ్ళీ రావడం 6 శాతానికి పడిపోయింది. మిగతా సర్జన్ల లెక్కల్లో అది సగానికి పైనే ఉండేది. దాంతో ప్రపంచమంతా ఆయన దారి పట్టింది.

తీసిన ముక్కతో ఆయన పని అయిపోయేది కాదు. హాప్కిన్స్‌లో సర్జరీకి సొంత పాథాలజీ ల్యాబ్ ఉండేది, దాన్ని బ్లడ్‌గుడ్ చూసుకునేవాడు. ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి, రికార్డు రాసి, ఆ పేషెంటు తర్వాత ఏమైందో ఏళ్ళ తరబడి కనుక్కునేవారు. 1891లో హాల్‌స్టెడ్ ఒక రొమ్ము గడ్డ కోస్తుండగా వెల్చ్ అందులో ముక్కని గడ్డకట్టించి, పల్చగా కోసి, అక్కడికక్కడే క్యాన్సరో కాదో చెప్పడానికి ప్రయత్నించాడు. స్లయిడ్ తయారయ్యేలోపే ఆపరేషన్ అయిపోయింది! ఆ పద్ధతిని 1905లో మేయో క్లినిక్‌లో లూయీ విల్సన్ నిమిషాల్లోకి తెచ్చాడు.

1907లో హాల్‌స్టెడ్ మరింత పెద్ద లెక్కతో వచ్చాడు. చంక గ్రంథుల్లో క్యాన్సర్ లేనివాళ్ళు ఎక్కువమంది బతికారు, ఉన్నవాళ్ళు చాలావరకు పోయారు. ఇద్దరికీ చేసిన ఆపరేషన్ ఒకటే. అంటే మనిషి బతకడం కోత ఎంత పెద్దదన్న దాని మీద కాదు, జబ్బు అప్పటికే ఎంత దూరం వెళ్ళిందన్న దాని మీద ఆధారపడింది. జవాబు ఆయన సొంత టేబుల్‌లోనే ఉంది. కానీ ఆయన వెనక్కి తగ్గలేదు, ఆయన్ని అనుసరించినవాళ్ళు ఇంకా పెద్దగా కోశారు. ఛాతీ గుంటపడి, చెయ్యి వాచిపోయి బతికిన ఆడవాళ్ళు ఎంతోమంది. 1922లో హాల్‌స్టెడ్ పిత్తాశయ రాళ్ళకి శిష్యులు చేసిన ఆపరేషన్ తర్వాత చనిపోయాడు. నలభై ఏళ్ళ కింద తల్లిని కాపాడింది ఆ జబ్బు నుంచే.

ఆయన సిద్ధాంతాన్ని సరిగ్గా పరీక్షకి పెట్టింది బెర్నార్డ్ ఫిషర్. 1971లో మొదలైన ఆయన ట్రయల్‌లో 1,600 మందికి పైగా చేరారు. ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీలాగా నిర్ణయించారు. పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఎక్కువేమీ బతకలేదని తేలింది. పాతికేళ్ళ తర్వాత చూసినా అదే మాట. తర్వాతి ట్రయల్‌లో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా చాలని తేలింది.

ఇక్కడే అసలు మలుపు. గడ్డ వరకే తీయాలంటే తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదని నమ్మకంగా తెలియాలి. కాబట్టి ముక్క ఏ వైపు పైది, ఏ వైపు చంక వైపుది అని దారంతో గుర్తు పెడతారు. బయటి అంచుకి రంగు ఇంకు పూస్తారు. రక్తం ఆగిన క్షణం నుంచి ముక్కలోని ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ పాడవడం మొదలవుతుంది. అందుకే అమెరికన్ మార్గదర్శకాల ప్రకారం గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలి, అందులో కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు ఉంచాలి. ఫార్మలిన్ మెల్లగా ఇంకుతుంది కాబట్టి పెద్ద ముక్కని ముందే పలకలుగా కోయాలి. ఆలస్యమైతే ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉన్నా లేనట్టు రిపోర్టు రావొచ్చు. అప్పుడు టామాక్సిఫెన్ పనిచేసే మనిషికి టామాక్సిఫెన్ అందదు. పరిశోధన కోసమైతే వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తారు. అక్కడా ఆలస్యమైతే కనిపించే తేడా క్యాన్సర్‌దో, గదిలో పడి ఉన్న అరగంటదో ఎవరూ చెప్పలేరు.

హాల్‌స్టెడ్ ఎక్కువ కోస్తే ఎక్కువ బతుకుతారనుకున్నాడు, పొరపడ్డాడు. ముక్కని మర్యాదగా చూడాలనుకున్నాడు, అందులో నూటికి నూరు శాతం కరెక్ట్. ఇవాళ తక్కువ కోసి వదిలేయగలుగుతున్నామంటే ఆ రెండోదాని పుణ్యమే. ల్యాబ్ ఫారంలో ముక్క తీసిన టైమ్, ఫార్మలిన్‌లో వేసిన టైమ్ రాయడానికి రెండు గళ్ళు ఉంటాయి. వాటిని ఎవరో ఒకరు నిజాయితీగా నింపితేనే, బయట బెంచీ మీద కూర్చున్న ఆవిడకి సరైన మందు అందుతుంది.