రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి: కట్టుబడి ఇనాముల చుట్టూ రగిలిన తిరుగుబాటు

కర్నూలు: రాయలసీమలో ఆంగ్లేయుల పాలనను ఆయుధంతో ఎదిరించిన తొలితరం యోధులలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు ముందు వరుసలో నిలుస్తుంది. 1857 సిపాయిల తిరుగుబాటుకు పదకొండేళ్ల ముందే ఆయన కంపెనీ సర్కారుపై కత్తి దూశారు. ఆ ధైర్యసాహసాలను జానపదులు తరతరాలుగా పాడుకుంటున్నారు. 2019లో వెలువడిన చలనచిత్రంతో ఆ గాథ దేశమంతటికీ తెలిసింది. అయితే ఆ తిరుగుబాటుకు మూలమైన విషయం, అంటే సైనిక సేవకు ప్రతిఫలంగా లభించిన భూములు, పింఛన్ల సంగతి, పాటలలో కంటే ప్రభుత్వ రికార్డులలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

విజయనగర కాలం నుంచి రాయలసీమలో పాలెగాండ్ర వ్యవస్థ వేళ్లూనుకొని ఉండేది. పాలెగాడు తన పాలెంలో శిస్తు వసూలు చేసి, శాంతిభద్రతలు కాపాడి, ప్రభువు కోరినపుడు సైన్యంతో తరలి వెళ్లవలసి ఉండేది. ఆ సైన్యానికి నెల జీతాలు అరుదు. ఊరిని కావలి కాస్తూ, అవసరమైనపుడు ఆయుధం పట్టే బంట్రోతులకు నామమాత్రపు పన్నుపై మాన్యం భూములు ఇచ్చేవారు. వీరినే కట్టుబడి బంట్రోతులు అనేవారు. తండ్రి చేసిన కొలువు కొడుకుకు, దానితోపాటు భూమి కూడా సంక్రమించేది. వర్షాభావం తప్పని ఈ సీమలో అటువంటి చేను ఒక కుటుంబానికి ఎంతటి ఆధారమో వేరుగా చెప్పనక్కరలేదు.

1800 అక్టోబరులో నిజాం ప్రభువు ఈస్టిండియా కంపెనీతో కుదుర్చుకున్న సంధి ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. తన రక్షణకు నిలిపిన కంపెనీ సైన్యం ఖర్చు కింద ఆయన ఈ ప్రాంతాలను కంపెనీకి అప్పగించారు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. ప్రధాన కలెక్టరుగా నియమితులైన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశారు. ఆయన పాలెగాండ్ర బలగాలను అణచివేసి, పాలేలను ప్రభుత్వపరం చేసి, కొన్ని కుటుంబాలకు పింఛన్లు ఏర్పాటు చేశారు. తరువాత మద్రాసు గవర్నరై, 1827లో ఇదే సీమలోని పత్తికొండలో కలరాతో కన్నుమూసిన ఆయనను రైతులు నేటికీ మంచి పాలకునిగానే తలచుకుంటారు. పాలెగాండ్ర వారసుల జ్ఞాపకం వేరు.

నరసింహారెడ్డి అటువంటి వారసులలో ఒకరు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి వంశంతో ఆయనకు రక్తసంబంధం ఉంది. ఆయన స్వస్థలం ఉయ్యాలవాడ సమీపంలోని రూపనగుడి. ఒకనాడు కోటలు, బలగాలు ఉన్న కుటుంబం ఆయన నాటికి ప్రభుత్వ పింఛనుపై ఆధారపడింది. ఆ పింఛను పంపకాలు పోగా ఆయన వాటాకు వచ్చినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం కుటుంబానికి చెల్లుతూ వచ్చిన పింఛను రద్దు కాగా, వారసునిగా అది తనకు రావాలని ఆయన కోరారు. ప్రభుత్వం అంగీకరించలేదు.

పింఛను తగాదా ఒక్కటే అయితే అది అర్జీలతో ముగిసి ఉండేదేమో. 1846 నాటికి గుడ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం గ్రామాలలో కొందరు కట్టుబడి ఇనాందారులు మరణించగా, ప్రభుత్వం వారి మాన్యాలను వారసులకు ఇవ్వక స్వాధీనం చేసుకున్నది. కొత్త పోలీసు వ్యవస్థ వచ్చిన తరువాత పాత కావలి సేవ అవసరం లేదన్నది అధికారుల లెక్క. తమ పెద్దలు ఆయుధం పట్టి సంపాదించిన భూమి ఎలా పోతుందన్నది వారసుల ప్రశ్న. ఆ నాటి వ్యవహారాలను చూస్తే రెండవ వాదనకే బలం ఎక్కువగా కనిపిస్తుంది. నిరాశ చెందిన ఈ కుటుంబాలు నరసింహారెడ్డి చుట్టూ చేరాయి.

కోయిలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలో ఉండేది, కలెక్టరు కాక్రేన్. 1846 జులైలో నరసింహారెడ్డి తన అనుచరులతో కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. ప్రభుత్వ సిబ్బంది కొందరు ప్రాణాలు కోల్పోయారు. అక్కడి నుంచి ఆయన బలగం రుద్రవరం మీదుగా అడవి బాట పట్టింది. గిద్దలూరు సమీపంలో కంపెనీ పటాలంతో పోరు జరిగింది. కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్‌ల నాయకత్వాన సేనలు కంభం వైపు వెన్నంటగా, తిరుగుబాటుదారులు నల్లమలలోకి తప్పుకొన్నారు. వెంటాడిన పటాలంలోని సిపాయిలు కూడా జీతం కోసం, వయసు మళ్లాక దక్కే పింఛను కోసం తుపాకి మోసినవారే కావడం గమనించదగ్గది.

నెలకు 11 రూపాయల దగ్గర లెక్క బిగించిన సర్కారు, ఆయనను పట్టి ఇచ్చినవారికి అంతకు ఎన్నో రెట్లు బహుమానం చాటించింది. 1846 అక్టోబరు 6న పేరుసోమల కొండపై ఆయన పట్టుబడ్డారు. మొత్తం 901 మందిపై నేరారోపణలు రాగా 112 మందికి 5 నుంచి 14 ఏళ్ల శిక్షలు పడ్డాయి. రాజద్రోహం, హత్య, దోపిడీ నేరాలపై నరసింహారెడ్డికి మరణశిక్ష విధించి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెండు వేలమందికి పైగా జనం చూస్తుండగా ఉరితీశారు. జనం భయపడాలన్న ఉద్దేశంతో ఆయన శిరస్సును కోయిలకుంట్లలో బహిరంగంగా వేలాడదీశారు. అది 1877 వరకు, అంటే మూడు దశాబ్దాలు, అలాగే ఉన్నది.

ఈలోగా మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను నియమించి ఇనాం హక్కులను విచారించింది. కొంత పన్ను చెల్లించేందుకు అంగీకరించిన ఇనాందారులకు శాశ్వత హక్కు కల్పిస్తూ పత్రాలు జారీ చేసింది. ఆ వెసులుబాటు పన్నెండేళ్లు ముందు వచ్చి ఉంటే కోయిలకుంట్ల కథ మరోలా ఉండేదన్న అభిప్రాయానికి చోటున్నది. అదే 1858లో కర్నూలు జిల్లా ఏర్పడింది.

కరవు కాలంలో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి కూడా ఉయ్యాలవాడకు చెందినవారే. ఇద్దరినీ కలిపి రేనాటి సూర్యచంద్రులుగా స్మరిస్తారు. కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించి, దానికి నరసింహారెడ్డి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల మండలాలు నంద్యాల జిల్లాలో చేరాయి.