మార్క్స్‌ను కూర్చోనివ్వని గడ్డలు

కార్ల్ మార్క్స్ అనగానే మీకు గుబురు గడ్డం, ‘పెట్టుబడి’ గ్రంథం గుర్తొస్తాయి. ఆ పుస్తకం రాసిన రోజుల్లో ఆయన కుర్చీలో కూర్చోలేక నిలబడి రాశారన్న సంగతి తెలుసా?

1818లో జర్మనీలోని ట్రియర్‌లో పుట్టిన మార్క్స్ 1849లో లండన్ చేరారు. ఇంట్లో పేదరికం. పగలు బ్రిటిష్ మ్యూజియంలో చదువు, రాత్రి పొద్దుపోయేదాకా రాత. చేతిలో ఎప్పుడూ చుట్ట, అదీ చవకరకం. పుస్తకం మీద వచ్చే డబ్బు, అది రాస్తూ కాల్చిన చుట్టలకు కూడా చాలదని ఆయనే చెప్పుకున్నారట.

1860లలో సెగగడ్డలు ఆయన్ను మంచాన పడేశాయి. చంకలు, గజ్జలు, పిరుదుల దగ్గర ఒకటి మానేలోపు మరొకటి లేచేది. కట్లు కట్టారు, ఆర్సెనిక్ మందు ఇచ్చారు. 1866లో విసిగిపోయి ఒక గడ్డను ఆయనే క్షౌరం కత్తితో కోసుకున్నారు. మరుసటి ఏడాది పుస్తకం మొదటి సంపుటం వెలువడింది. గడ్డలు మాత్రం వదల్లేదు. 1883లో ఆయన కన్నుమూశారు.

ఆయన స్నేహితుడు ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరాలను పరిశీలించి, ఇవి మామూలు గడ్డలు కావనీ, ‘హైడ్రాడెనైటిస్ సప్యురేటివా’ కావచ్చనీ 2007లో బ్రిటిష్ చర్మవైద్యుడు శామ్ షస్టర్ ప్రతిపాదించారు. చనిపోయిన మనిషిని పరీక్షించలేం కాబట్టి ఇది అంచనాయే. కానీ లక్షణాలు బాగా సరిపోతాయి.

ఈ జబ్బులో వెంట్రుక కుదురు మూసుకుపోయి, లోపలే పగిలి వాపు వస్తుంది. చీము కారుతుంది, మచ్చలు పడతాయి, చర్మం కింద సొరంగాల్లాంటి దారులు ఏర్పడతాయి. పొగతాగేవారిలో, అధిక బరువున్నవారిలో ఇది ఎక్కువ. పొగాకే ఏకైక కారణమని చెప్పలేం. పొగతాగనివారికీ వస్తుంది, వంశపారంపర్యమూ ఉంటుంది. అయినా వైద్యులు మొదట చెప్పే మాటల్లో పొగ మానెయ్యమనేది ఒకటి.

మన ఇళ్లలో ఇలాంటి గడ్డలు వస్తే వేడి చేసిందంటాం, మామిడిపండ్లు మానేస్తాం. చోటు చెప్పుకోలేనిది కావడంతో ఆడపిల్లలు తల్లికి కూడా చెప్పరు. ఇది అంటువ్యాధి కాదు, శుభ్రత లేక వచ్చేదీ కాదు. ఆరు నెలల్లో రెండుసార్లకు మించి ఇలాంటి చోట్ల గడ్డలు లేస్తే, పిండకుండా, కోయకుండా చర్మవైద్యులకు చూపించండి. మార్క్స్ కాలంలో లేని మందులు, శస్త్రచికిత్సలు ఇప్పుడున్నాయి. మచ్చలు, సొరంగాలు పడకముందే వస్తే వాటితో మేలు ఎక్కువ.

సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా మానాలనుకుంటే 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయండి.