విశ్వేశ్వర శివాచార్యులు – మందడం ప్రసూతిశాల



ప్రసూతి ఆసుపత్రి అనగానే బరంపురంలోని మనవారికి మిషను ఆసుపత్రి గుర్తుకు వచ్చును. అయితే తెలుగునాట 1261లోనే ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఏర్పడినట్లు గుంటూరు జిల్లా మల్కాపురం శాసనం తెలుపుచున్నది.

వాటిని నెలకొల్పిన విశ్వేశ్వర శివాచార్యులు తెలుగువారు కారు. మనవలెనే పుట్టిన ఊరు విడిచి వచ్చినవారు. గౌడదేశమందలి రాఢ ప్రాంతంలో పూర్వగ్రామం ఆయన స్వస్థలం. గోళకీ మఠ శైవగురువుగా కాకతీయ గణపతిదేవునికి దీక్ష ఇచ్చారు. తండ్రితో కలిసి రాజ్యభారం వహించుచున్న రుద్రమదేవి ఆయనకు కృష్ణాతీరాన మందడం, వెలగపూడి గ్రామాలను దానం చేసింది. (నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఈ వెలగపూడిలోనే.) ఆచార్యులు ఆ ఆదాయాన్ని తమకే ఉంచుకొనలేదు. ఆలయానికి, మఠానికి, విద్యార్థులకు పోను ఒక భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి కేటాయించి, వైద్యునికి జీవనోపాధి ఏర్పరచారు.

నాకు అన్నిటికంటె గొప్పగా తోచునది అన్నదాన నియమం. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టవలెను. ఊరి వెలుపల బతికిన మన తాతముత్తాతల సంగతి ఎరిగిన మనకు ఇది చిన్న మాట కాదు. కులభేదం పోయినదని కాదు, 60 బ్రాహ్మణ కుటుంబాలకు భూములిచ్చి నిలిపిన అగ్రహారమే అది. అయినా ఆకలిగొన్నవాని కులం అడుగరాదని ఆ శైవ సన్యాసి రాతిపై చెక్కించి పెట్టారు. ఆ శాసన స్తంభం మల్కాపురంలో ఉన్నది.