పావులూరి మల్లన - చతురంగ సంఖ్య

ఆంధ్రభాషయందు శాస్త్రగ్రంథానువాదమునకు తొలిబాట వేసినవారిలో పావులూరి మల్లన అగ్రగణ్యుడు. నన్నయభట్టు ప్రభువైన రాజరాజనరేంద్రుని (క్రీ.శ. 1022-1063) పేరుతో ఇతని వంశకథ ముడివడియున్నది. పిఠాపురము చెంతనున్న నవఖండవాడను ఆ రాజు మల్లన యనువానికి దానమిచ్చినట్లు ఈతని గ్రంథమువలన తెలియుచున్నది. దానము పొందినవాడు కవియే యని కొందరు, అదే పేరుగల కవి తాత యని కొందరు భావించిరి. మనుమనికి తాత పేరు పెట్టుట మన ఆచారమే కనుక రెండవ పక్షము త్రోసివేయదగినది కాదు. ఆ పక్షమున కవికాలము కొంత ఈవలికి జరుగును.

మల్లన తెనిగించినది మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు, తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున నుండెను. ఆ సంస్కృతమూలమును రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసున ప్రకటించిరి. మల్లన శైవుడగుటచే మూలమునందలి జైనప్రస్తావనల స్థానమున శైవప్రస్తావనలను నిలిపెను. అనువాదమనగా మక్కికి మక్కి కాదని ఆనాడే ఎరిగినవాడు.

మల్లన పేర పండితలోకమున మిక్కిలి ప్రసిద్ధమైనది చదరంగపు లెక్క. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గళ్లకు రెట్టించుచు పోయిన మొత్తము 18446744073709551615. ఇరువది అంకెల ఈ సంఖ్యను కవి భూతసంఖ్యలతో, కుడినుండి ఎడమకు నడచునట్లు, ఒక్క వృత్తమున ఇమిడ్చెను.

ఈ సంఖ్యను సాధించుటకు అరువదినాలుగు మారులు రెట్టింప పనిలేదు. పింగళుడు ఛందశ్శాస్త్రమున వృత్తసంఖ్యకు చెప్పిన మార్గమే చాలును. రెండును వర్గము చేసిన 4, దాని వర్గము 16, పిమ్మట 256, 65536, 4294967296. ఆరవ వర్గమున 18446744073709551616 వచ్చును. అందొకటి తీసివేసిన ఫలము సిద్ధించును. ఆ ఫలమును 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధానసంఖ్యలు నిశ్శేషముగా భాగించును. వీనిలో 641 దాగియున్న సంగతిని ఐరోపాలో ఆయిలర్ 1732లో కనిపెట్టెను.

పరిష్కర్తలకు ఇందొక ప్రయోజనము కలదు. కావ్యమున పాఠభేదము వచ్చినచో ఔచిత్యమును బట్టి నిర్ణయింతుము. ఇచ్చట గణనయే ప్రమాణము. పై అంకెల మొత్తము 87, అది మూడుచే భాగింపబడును. లేఖకుడు అగ్ని యనుచోట అబ్ధి యని వ్రాసెనేని మూడు నాలుగగును, మొత్తము 88 అగును, తప్పు వెంటనే పట్టుబడును. రెండంకెలు తారుమారైనచో మొత్తము మారదు. అప్పుడు వర్గమార్గమున లెక్కించి చూడవలెను. శరమునకు మారుగా సాయకమున్నను విలువ చెడదు; అప్పుడు ఛందస్సును, యతిప్రాసలను విచారింపవలెను.

మల్లన గ్రంథమును సాహిత్యచరిత్రలు సాధారణముగా నాలుగు వాక్యములతో దాటిపోవును. గణితజ్ఞులలో తెలుగు పద్యమును పరిశీలించువారు అరుదు. ఛందస్సును, అంకమును కలిపి చదువగలవారు ప్రాచ్యకళాశాలలలోనే ఉన్నారు. తాళపత్రప్రతులలోని ప్రతి సంఖ్యను లెక్కతో సరిచూచి ఈ గ్రంథమును పరిష్కరించుట వారు చేయదగిన పని. మల్లన ఋణము తీరు మార్గమును అదియే.