మాస్టారు రహీం సాహెబ్

పత్తి, మిరపకాయల ధరలు మాట్లాడుకునే మన జిల్లాల్లో ఫుట్‌బాల్ ముచ్చట ఏమిటని కొందరు అనుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం అది తాతల నాటి నుంచి నడుస్తోంది. మా దాదా చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లు గుమాస్తా. ఒకరోజు ఆలస్యంగా చేరే హైదరాబాద్ ఉర్దూ పేపరును బేళ్ల మీద కూర్చుని హమాలీలకు చదివి వినిపించేవారట. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట ఆయన ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. అయినా నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జమాల్, మొయిన్, లాయిక్ అంటూ ఆ పేర్లు మా అబ్బాకు ఎక్కాల్లాగా నేర్పారు, అబ్బా నాకు నేర్పారు. ఆ జట్టును తయారుచేసిన మనిషి నాలాంటి బడిపంతులే అని మాత్రం చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు.

జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియాలో బి.ఏ. చదివి, కాచిగూడ మిడిల్ స్కూలు మొదలు చాదర్‌ఘాట్ హైస్కూలు దాకా పలు బడుల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టి చివరిదాకా వదల్లేదు. ఆ ఏడు మొదలుకొని 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు మన పోలీసులదే. 1950 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. రాష్ట్రం ఏర్పడిన తర్వాత అదే జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయ్యింది. 1961లో మళ్లీ మోహన్ బగాన్‌ మీదే డ్యూరాండ్ గెలిచింది. పేరు మారేసరికి ఇప్పుడిది మన గుంటూరు వాళ్ల జట్టు కూడా అని దాదా మిల్లంతా చెప్పుకొచ్చారట!

ఆయన పాఠం చెప్పే తీరు చూడండి. బలం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కడే అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించాలని మరో రకం పోటీ. అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం రోజూ రావడానికి దారిఖర్చు లేదంటే, అద్దె సైకిలుకు డబ్బు తానే ఇచ్చారు. ఆ కుర్రవాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు.

దేశ జట్టుకూ ఆయనే గురువు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం. 1952 హెల్సింకీలో చలికి, వట్టికాళ్లతో ఆడి యుగోస్లేవియా చేతిలో 10-1 ఓటమి. ఆ దెబ్బ మరిచిపోలేదు గనుకనే 1956 మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం తెచ్చారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు మనదే.

1960 రోమ్ జట్టులో ఆయన కొడుకు హకీం సాహెబ్ కూడా ఉన్నారు. ఒక్క మ్యాచ్‌లోనూ దించలేదు. మా అబ్బాకు ఈ సంగతి చెప్పడమంటే మహా ఇష్టం, వినడానికి నాకు కష్టంగా ఉండేది. నేను పదో తరగతిలో అబ్బా బడిలోనే చదివాను మరి, మార్కుల విషయంలో ఆ నొప్పి నాకు తెలుసు. హకీం సాహెబ్ మాత్రం ఆటను వదల్లేదు. సర్వీసెస్‌కు ఆడారు, అంతర్జాతీయ రెఫరీ అయ్యారు, 2022లో కన్నుమూశారు.

1962 జకార్తా నాటికి రహీం సాహెబ్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. అక్కడ జనమంతా మన దేశం మీద కోపంగా ఉన్నారు. జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. వెనక ఆడే ఆ మనిషిని ముందుకు పంపారు మాస్టారు. కొరియా మీద 2-1తో గెలిస్తే, రెండో గోలు అతనిదే, మొదటిది పి.కె. బెనర్జీది. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాహెబ్ మర్హూం అయ్యారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చింది, మైదాన్. అది చూసి వచ్చిన మా అబ్బాయి, క్రికెట్ తప్ప వేరే ధ్యాస లేనివాడు, పోలీస్ జట్టు పేర్లు మళ్లీ చెప్పమన్నాడు. ఐదూ చెప్పాను. బలం లేని కాలి పోటీ సంగతీ చెప్పాను. అప్పటినుంచి ఆదివారాలు ఎడమకాలితో గోడకు బంతి కొడుతున్నాడు. ఒకసారి పక్కింటివాళ్లు ఆరబోసిన మిరపకాయల మధ్యలో పడింది. తెచ్చుకుని, తుమ్ముకుంటూ మళ్లీ మొదలుపెట్టాడు.